సంచిలో ఎనిమిది డబ్బాలు: గుండె, రక్తనాళాల ఆరోగ్యానికి ఆహారం, సప్లిమెంట్లు



గుండెకు, రక్తనాళాలకు మేలు చేసే ఆహారమేది, మందుల షాపులో దొరికే సప్లిమెంట్లలో పనికివచ్చేవేవి, పనికిరానివేవి అనే సంగతి ఈ సంచికలో తెలుసుకుందాం. ఈ పాఠం రాయడానికి కారణం ఒక గుడ్డ సంచి.

కొన్ని నెలల క్రితం ఒక సోమవారం మా ఓ.పి.కి భార్యాభర్తలు వచ్చారు. (ఎవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చి రాస్తున్నాను.) ఆయనకు 38 ఏళ్ళు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కొండాపూర్‌లో ఫ్లాట్. తండ్రి 54వ ఏట గుండెపోటుతో పోయారు. ఏడాది క్రితం ఆఫీసువాళ్ళు చేయించిన హెల్త్ చెకప్‌లో ఈయనకు బి.పి. ఉందని, చెడు కొలెస్ట్రాల్ అనబడే ఎల్.డి.ఎల్. 172 ఉందని తేలింది. డాక్టరు రెండు మాత్రలు రాశారు. "వేసుకుంటున్నారా?" అని అడిగాను. ఆయన మాట్లాడలేదు. భార్య సంచిని నా బల్ల మీద బోర్లించింది.

ఎనిమిది డబ్బాలు. చేప నూనె, వెల్లుల్లి మాత్రలు, పసుపు నుండి తీసిన కర్క్యుమిన్, విటమిన్ ఇ, కోఎంజైమ్ క్యూ10, ఫోలిక్ ఆసిడ్ ఉన్న బి-కాంప్లెక్స్, రెడ్ ఈస్ట్ రైస్ అనే ఒక మాత్ర, ఒక మల్టీవిటమిన్. సగం డల్లాస్‌లో ఉన్న అక్కగారు పంపినవి, సగం ఇక్కడ కొన్నవి. "ఇవి మందులు కావండీ డాక్టరుగారు, అన్నీ నేచురల్" అందామె. నెలకు దాదాపు నాలుగున్నర వేల ఖర్చు. డాక్టరు రాసిన రెండు మాత్రలు జనరిక్‌లో తీసుకుంటే నెలకు మూడు వందలు దాటవు. అవి మానేసి ఏడు నెలలైంది. ఆ రోజు బి.పి. 168/106.

ఆయన నిర్లక్ష్యపు మనిషి కాదు. కోప్పడబోయిన నన్ను ఆయన చెప్పిన మాట ఆపింది. "మా నాన్న రోజూ మందులు వేసుకునేవారు. అయినా పోయారు. మందుల మీద నమ్మకం పోయింది సార్, భయం మాత్రం పోలేదు." భయం ఉన్నచోట డబ్బాలు అమ్ముడుపోతాయి. అందుచేత ఆ ఎనిమిది డబ్బాలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని ఆయనకు చెప్పిందే ఇక్కడ మీకూ చెబుతున్నాను.

మన ప్రాంతం మాట

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. అప్పుడు పాతికేళ్ళ వయసులో ఉద్యోగంలో చేరినవారికి ఇప్పుడు యాభై దాటింది. ఈ లెక్క ఎందుకంటే, 52 దేశాలలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో దక్షిణాసియావారి సమాచారాన్ని 2007లో విడిగా పరిశీలించారు. తొలి గుండెపోటు వచ్చే వయసు మనవారిలో సుమారు 53, మిగతా దేశాలలో సుమారు 59 అని తేలింది. అంటే ఈ కారిడార్‌ను కట్టిన మొదటి తరం సరిగ్గా ఆ వయసుకు చేరింది.

వెనక వచ్చినవారి సంగతీ అంతే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు హైదరాబాదు ఐ.టి. ఉద్యోగులను పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఎక్కువమంది ముప్పై ఏళ్ళ అటూ ఇటూ వయసువారే. అయినా సుమారు 46 శాతం మందిలో మెటబాలిక్ సిండ్రోమ్ లక్షణాలు మూడో అంతకన్నా ఎక్కువో కనిపించాయి. పొట్ట చుట్టుకొలత, బి.పి., షుగరు, ట్రైగ్లిజరైడ్లు, తగ్గిపోయిన మంచి కొలెస్ట్రాల్ అనేవే ఆ లక్షణాలు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 345 మంది ఐ.టి. ఉద్యోగులను చూసి 2025లో ప్రచురించిన ఫలితాలలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది. కాలేయంలో కొవ్వు చేరినవారికి చివరికి ముప్పు తెచ్చేది చాలాసార్లు కాలేయం కాదు, గుండె.

రక్తనాళం పైపు కాదు

కొండాపూర్, గచ్చిబౌలి ఫ్లాట్లలో బోరు నీళ్ళు వాడేవారికి పైపుల్లో తెల్లగా సున్నం పేరుకోవడం తెలుసు. రక్తనాళంలో కొలెస్ట్రాల్ కూడా అలాగే పేరుకుంటుందని, ఆమ్లం పోస్తే సున్నం కరిగినట్టు నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, వెనిగర్ కాచి తేనె కలిపి తాగితే "బ్లాకులు" కరిగిపోతాయని వాట్సాప్‌లో ఏళ్ళ తరబడి తిరుగుతున్నది. మన సంఘ కుటుంబాలలోనే నలుగురైదుగురు నాకు ఆ కషాయం గురించి చెప్పారు.

జరిగేది వేరు. రక్తనాళం లోపలి పొర పల్చటి ప్రాణమున్న పొర. బి.పి., పొగాకు, షుగరు ఆ పొరను గాయపరుస్తాయి. రక్తంలోని ఎల్.డి.ఎల్. ఆ పొర గుండా గోడ లోపలికి దూరుతుంది. శరీరం దానితో పోరాడుతుంది, వాపు వస్తుంది, ఏళ్ళ మీద అక్కడ మెత్తటి గడ్డలాగా తయారవుతుంది. ఒకరోజు ఆ గడ్డ పైపొర చిట్లుతుంది. చిట్లినచోట రక్తం గడ్డకట్టి నాళం నిమిషాల్లో మూసుకుపోతుంది. అదే గుండెపోటు. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగానే వచ్చినవాళ్ళకు కూడా గుండెపోటు రావడానికి ఇదొక కారణం. గడ్డ ఉన్నది గోడలో, మీరు తాగిన కషాయం వెళ్ళేది పొట్టలోకి. నిమ్మరసం రక్తనాళాన్ని కడగదు. స్టాటిన్ మందులు ఎల్.డి.ఎల్.ను తగ్గించి ఆ గడ్డ చిట్లకుండా గట్టిపరుస్తాయి, కొందరిలో కొంత చిన్నదవుతుంది కూడా.

స్టెంటు వేయించుకున్నవారు ఈ కషాయం నమ్మి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు మానేస్తే స్టెంటు లోపలే రక్తం గడ్డకట్టవచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

డబ్బాలను ఒక్కొక్కటిగా చూద్దాం

ముందుగా వెల్లుల్లి, పసుపు. ఇవి మన వంటింటివి గనుక వీటి మీద మమకారం ఎక్కువ. 2022లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు 190 మందితో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరికి రోజూ 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర, మిగతావారికి చేప నూనె, దాల్చిన చెక్క, వెల్లుల్లి, పసుపు, మొక్కల స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్‌లలో ఒక్కొక్కటి 28 రోజులు ఇచ్చారు. స్టాటిన్ వేసుకున్నవారిలో ఎల్.డి.ఎల్. సుమారు 38 శాతం తగ్గింది. ఆరు సప్లిమెంట్లలో ఏదీ ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా ఎల్.డి.ఎల్.ను తగ్గించలేదు. వెల్లుల్లి వేసుకున్నవారిలో కొద్దిగా పెరిగింది కూడా. ఈ పరిశోధనకు డబ్బిచ్చింది ఆ స్టాటిన్ తయారుచేసే కంపెనీయే, కాలం కూడా నాలుగు వారాలే. ఆ మాట దాచనక్కరలేదు. అయినా ఎల్.డి.ఎల్. తగ్గుదలలో అంత తేడా ఉంటే నాలుగు వారాల్లో కనబడక తప్పదు. పప్పులో వెల్లుల్లి తాలింపు హాయిగా వేసుకోండి. మాత్రల డబ్బా మాత్రం అనవసరం.

రెడ్ ఈస్ట్ రైస్ సంగతి వింత. ఎర్రటి శిలీంధ్రంతో పులియబెట్టిన బియ్యం అది. దానిలో సహజంగా పుట్టే పదార్థం లోవాస్టాటిన్. అంటే స్టాటినే! స్టాటిన్ రసాయనమని భయపడి మానేసిన మనిషి, ఎంత మోతాదుందో తెలియని స్టాటిన్‌ను డబ్బు పోసి వేసుకుంటున్నాడన్న మాట. డాక్టరు రాసిన స్టాటిన్‌తోపాటు దీన్ని కూడా వేసుకుంటే కండరాలకు, కాలేయానికి ఇబ్బంది రావచ్చు.

చేప నూనె డబ్బా చూసి ఆ ఇల్లాలిని అడిగాను, మీ ఇంట్లో చేపలు తింటారా అని. గుడ్డు కూడా రానివ్వమంది. అప్పుడుగానీ డబ్బా మీద బొమ్మను సరిగ్గా చూడలేదు పాపం. అమెరికాలో దాదాపు 26 వేలమందితో సుమారు అయిదేళ్ళు జరిగిన వైటల్ పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. రోజుకు ఒక గ్రాము చేప నూనె వల్ల గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగినంతగా తగ్గలేదు. అదే పరిశోధనలో రోజూ ఇచ్చిన విటమిన్ డి కూడా గుండె విషయంలో సహాయపడలేదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్న కొందరికి శుద్ధిచేసిన ఒక రకాన్ని పెద్ద మోతాదులో డాక్టర్లు రాస్తారు. అది వేరే సంగతి. పెద్ద మోతాదుల్లో గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది గనుక స్వంతంగా వేసుకోరాదు.

విటమిన్ ఇ గుండెకు రక్ష అని 1990ల్లో డాక్టర్లే నమ్మారు. 2000లో వచ్చిన హోప్ పరిశోధనలో లాభం కనబడలేదు. అదే పరిశోధనను పొడిగించి 2005లో చూస్తే, వేసుకున్నవారిలో గుండె బలహీనత ఎక్కువైంది. ఈ డబ్బాను చెత్తబుట్టలో వేయమన్నాను. కోఎంజైమ్ క్యూ10 కూడా గుండెపోటు రాకుండా ఆపుతుందనడానికి ఆధారం లేదు. గుండె బలహీనత ఉన్నవారికి కొంత మేలు చేయవచ్చని ఒక మోస్తరు పరిశోధన ఉంది. ఈయనకు ఆ జబ్బు లేదు.

భీమవరం మనిషి బృందం తయారుచేసిన విటమిను

బి-కాంప్లెక్స్ డబ్బా దగ్గర కొంచెం ఆగాలి. దానిలోని ఫోలిక్ ఆసిడ్‌కూ మన తెలుగువారికీ సంబంధం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అనే పేగుల జబ్బువల్ల ఇద్దరు అన్నదమ్ములను పోగొట్టుకున్నారు. తానూ ఆ జబ్బుతో బాధపడ్డారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళి, సైరస్ ఫిస్కేతో కలిసి కండరాలకు శక్తి నిలవగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో లోకానికి తెలియజేశారు. మీ గుండె కండరంలో కూడా ఈ క్షణాన అది పనిచేస్తున్నది. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతను బాగుచేసిన మందు అది. ఆయన 1948లో చనిపోయారు.

ఆ తరువాత రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం ఎక్కువైతే రక్తనాళాలు దెబ్బతింటాయని ఒక ఆలోచన వచ్చింది. ఫోలిక్ ఆసిడ్, బి6, బి12 దానిని తగ్గిస్తాయి. కాబట్టి గుండెపోట్లూ తగ్గాలి కదా? 2006లో నార్వేలో ఒకటి, కెనడావారి ఆధ్వర్యంలో ఒకటి, రెండు పెద్ద పరిశోధనల ఫలితాలు వచ్చాయి. హోమోసిస్టీన్ తగ్గింది. గుండెపోట్లు తగ్గలేదు. పరీక్ష కాగితంలో అంకె మారినంత మాత్రాన జబ్బు మారదని మా డాక్టర్లకు నేర్పిన పాఠం ఇది. 2015లో చైనాలో మాత్రం, బి.పి. ఉన్న 20 వేలమందిలో బి.పి. మాత్రతోపాటు ఫోలిక్ ఆసిడ్ ఇస్తే పక్షవాతాలు కొంత తగ్గాయి. అక్కడ ఆహారంలోనే ఫోలిక్ ఆసిడ్ తక్కువ. లోపం ఉన్నవారికి మేలు, లేనివారికి అంతగా లేదు అని అర్థం చేసుకోవచ్చు. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు తినే ఇంట్లో ఫోలేట్‌కు అంత కరువుండదు.

బి12 సంగతి అలా కాదు. అది మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలో ఉంటుంది. గుడ్డు కూడా తినకుండా పాలు తక్కువ తాగేవారు, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారు, గ్యాస్ మాత్రలు రోజూ మింగేవారు పరీక్ష చేయించుకోవాలి. ఈయనకు చేయిస్తే తక్కువే ఉంది. ఎనిమిది డబ్బాలు మింగుతున్న మనిషికి నిజంగా కావలసినది సరిపడా అందలేదు. బి-కాంప్లెక్స్ బదులు బి12 ఒక్కటే రాసిచ్చాను.

ఒక మాట గమనించండి. 2016 నాటి నియమాల ప్రకారం మన దేశంలో అమ్మే హెల్త్ సప్లిమెంట్ డబ్బా మీద ఇది వైద్యానికి వాడేది కాదని స్పష్టంగా ముద్రించాలి. కళ్ళజోడు పెట్టుకుని వెతకండి, కనిపిస్తుంది.

వంటింట్లో చేయగలిగినవి

ఉప్పుతో మొదలుపెడతాను. మనిషికి రోజుకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. మీ ఇంట్లో కిలో ప్యాకెట్ నెల తిరగకుండానే అయిపోతుంటే మనిషికి 8 గ్రాములు దాటినట్టే. ఎండాకాలంలో ఆవకాయకు కొన్న ఉప్పు, అప్పడాలు, నూడుల్స్, ఫుడ్ కోర్టు బిరియానీ ఈ లెక్కలో లేవు. పెరుగన్నంలో ఉప్పు వేయకపోవడం, ఊరగాయను రోజూ కాక ఆదివారానికి ఉంచుకోవడం నేను మా ఇంట్లో చేస్తున్నవి. ఊరగాయ విషయంలో మాట నిలబెట్టుకోవడం నాకూ కష్టంగానే ఉంది.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు వాడితే పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో చైనా గ్రామాల పరిశోధన చెప్పింది. మంచిదే. కాని కిడ్నీ జబ్బున్నవారికి, పేరు చివర "సార్టాన్" లేక "ప్రిల్" అని ఉండే బి.పి. మాత్రలు వాడేవారికి పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. అడిగి వాడండి.

అన్నం విషయానికి వస్తే, బియ్యం మానేసి జొన్నలు, కొర్రలు తింటున్నామని చాలామంది సంతోషంగా చెబుతారు. మంచి ధాన్యాలే. కాని రెండు గరిటెల అన్నం తినేచోట నాలుగు జొన్నరొట్టెలు తింటే ప్రయోజనమేమి? 2025లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. వారి దేశవ్యాప్త పరిశోధనలో మన ఆహారంలో 62 శాతం శక్తి పిండిపదార్థాలనుండే వస్తున్నదని, ఒక ధాన్యానికి బదులు మరొకటి పెట్టడం కన్నా మొత్తం ధాన్యం తగ్గించి పప్పు, పెరుగు, గుడ్డు, చేప వంటివాటిని పెంచడం మేలని తేలింది. పళ్ళెంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండనివ్వండి. కూకట్‌పల్లి, ఎర్రగడ్డ రైతుబజార్లలో ఒక వారం ఆకుకూరలకయ్యే ఖర్చు ఆ ఎనిమిది డబ్బాల్లో ఒక్కదానికీ సరిపోదు.

నూనె నలుగురికి నెలకు రెండు లీటర్లు చాలు. ఏ నూనె అని అడుగుతారు, ఎంత నూనె అని అడగరు! మిర్చి బజ్జీలు వేయించిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచడం మానండి. చేపలు తినేవారు వారానికి రెండుసార్లు తినండి. కానాగంతలు, కవళ్ళు వంటి చవక సముద్రపు చేపలలో ఒమేగా-3 ఎక్కువ. తిననివారికి అవిసె గింజల పొడి, అక్రోటు ఉన్నాయి.

సప్లిమెంట్లలో నేను మెచ్చేది ఒకటుంది, దానికి అందమైన డబ్బా ఉండదు. ఇసబ్‌గోల్ పొట్టు. రోజుకు రెండు చెంచాలు ఒక పెద్ద గ్లాసు నీళ్ళతో తీసుకుంటే ఎల్.డి.ఎల్. సుమారు 5 నుండి 10 శాతం తగ్గుతుంది. మందులు వేసుకున్న రెండు గంటల తేడాతో తీసుకోవాలి. మెంతులు కూడా ఇలాంటివే. షుగరు, కొలెస్ట్రాల్ మీద మెంతుల ప్రభావాన్ని మన పోషకాహార సంస్థవారే 1990 ప్రాంతంలో పరిశోధించారు. పరిశోధన చిన్నదైనా ఫలితాలు ఆశాజనకం.

జాగ్రత్త పడవలసినవారు

గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ లేక అసిట్రోమ్ వేసుకునే తల్లులు మా ఆసుపత్రికి చాలామంది వస్తారు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. అందుకని కొందరు ఆకుకూరలు పూర్తిగా మానేస్తారు. అలా మానవద్దు. ఒక వారం రోజూ తిని మరుసటి వారం ముట్టకపోవడమే తప్పు. ప్రతి వారం ఇంచుమించు ఒకే కొలతలో తినండి. పిల్లలు ప్రేమతో తెచ్చే హెల్త్ పౌడరులో, మల్టీవిటమిన్‌లో విటమిన్ కె ఉందేమో చూడాలి. వెల్లుల్లి, గింకో మాత్రలు రక్తస్రావాన్ని పెంచవచ్చు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బి.పి. పెరుగుతుంది. నొప్పి లేదు, నేచురల్ కదా అని చెప్పకుండా ఊరుకోవద్దు.

రాత్రి అమెరికా కాల్స్ ముగించి, పదకొండు గంటలకు భోంచేసి, ఛాతీలో మంట అనిపిస్తే "గ్యాస్" అని పొంగే పొడి కలుపుకుని తాగేవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ పొడిలో సోడియం ఉంటుంది, అది చిన్న సంగతి. పెద్ద సంగతి ఏమిటంటే, ఛాతీ బరువు, చెమట, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, మెట్లెక్కితే పెరిగే మంట గుండెపోటు కావచ్చు. షుగరు ఉన్నవారిలో, స్త్రీలలో ఒట్టి ఆయాసంగానో నీరసంగానో రావచ్చు. 108కి ఫోన్ చేయండి. స్వంతంగా బండి నడుపుకుంటూ రావద్దు. ఇ.సి.జి. తీయడానికి అయిదు నిమిషాలు పడుతుంది. అది గ్యాసే అని తేలితే మిమ్మల్ని ఎవరూ నవ్వరు.

ఆ సంచి తెచ్చినాయన మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. నాన్నగారి పాత కాగితాలు తెమ్మంటే తెచ్చారు. చూస్తే ఆయన రోజూ వేసుకున్నవి షుగరు మాత్రలే. బి.పి.కి, కొలెస్ట్రాల్‌కు ఏ మందూ లేదు, చివరి వరకు బీడీ మానలేదు. కొడుకు ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. మూడు నెలల తరువాత ఎల్.డి.ఎల్. 94, బి.పి. 132/84. ఇప్పుడు ఉదయం కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో ఇద్దరూ నడుస్తున్నారట. డల్లాస్ అక్కగారు ఫోన్ చేసి, ఈసారి ఏమి పంపమంటారని అడిగితే, నడకకు బూట్లు పంపమన్నారట.

మీరు కూడా ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలు, పొడులు, కషాయం సీసాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. వాడేవి, మానేసినవి, చుట్టాలు ఇచ్చినవి, దేనినీ ఇంట్లో వదిలి రావద్దు.